పడవ కదిలే ముందు పేర్లు రాయండి

(సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లెలో, చదువు నేర్చుకుంటున్న మహిళల సభ జరిగింది. ఆ సభలో ఒక బోటు యజమానురాలు మాట్లాడింది. ఆమె చెప్పిన మాటలే ఇవి.)



నన్ను మాట్లాడమన్నారు. నేను సభల్లో మాట్లాడేదాన్ని కాదు. చేపల గంప దగ్గర బేరం ఆడటం మాత్రం వచ్చు. అందుకని మన ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పినట్టే చెప్తాను. తప్పులుంటే మీరే దిద్దండి.

మాది గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక పల్లె. మా మామగారి కాలంలో నావ ఉండేది. తరువాత మోటారు బోటు కొన్నాం. సగం డబ్బు అప్పు. మిగతా సగంలో నా పుస్తెలతాడు, మా అత్తగారి కడియాలు ఉన్నాయి. కాబట్టి బోటు మా ఆయన పేరున ఉన్నా, అది నాది కూడా. మీ బోట్లు కూడా అంతే. కాగితం మీద మగవాడి పేరు ఉంటుంది. అప్పు తీర్చేటప్పుడు మన చేపల గంప డబ్బు ఉంటుంది.

ఈ రోజు తుఫాను గురించి చెప్తాను. బోటు గురించి చెప్తాను. ఒక నోటు పుస్తకం గురించి కూడా చెప్తాను.

ఆ దీపావళి ముందు

అది 1996వ సంవత్సరం. నవంబరు నెల. 10వ తేదీన దీపావళి. రొయ్యలు బాగా పడుతున్న రోజులు. పండగకి పిల్లలకు బట్టలు కొనాలి. షావుకారు బాకీ కొంత తీర్చాలి. అందరం అదే ఆలోచనలో ఉన్నాం.

సోమవారం, 4వ తేదీ తెల్లవారుజామున మా బోటు వేటకు బయలుదేరింది. మా ఆయనకు అప్పుడు జ్వరం. మా మరిది సరంగుగా వెళ్ళాడు. అతనితో కళాసీలు వెళ్ళారు. నాలుగు రోజుల వేట. బియ్యం, మంచినీళ్ళు, ఐసు, డీజిలు అన్నీ ఎక్కించాం.

మా మరిది ఒక మాట అడిగాడు. "వదినా, ట్రాన్సిస్టరులో సెల్స్ అయిపోయాయి. కొత్తవి ఉన్నాయా?" అన్నాడు. ఇంట్లో లేవు. కొట్టు ఇంకా తెరవలేదు. "వచ్చాక కొందాంలే" అన్నాను. అతను నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ మాట నేను ఈనాటికీ మరిచిపోలేదు.

మంగళవారం ఆకాశం మారింది. రేడియోలో తుఫాను అని చెప్పారు. ఒడ్డున ఉన్న మాకు ఆ మాట వినపడింది. సముద్రంలో ఉన్న మా వాళ్ళకి ఎలా వినపడుతుంది? బుధవారం, 6వ తేదీ రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణంగా ఒడ్డు దాటింది. కోనసీమలో కొబ్బరి చెట్లు లక్షల్లో కూలిపోయాయి. మా పల్లెలో ఒక్క పాక మిగలలేదు. మేము గుడిలో తలుపు వేసుకుని కూర్చున్నాం. మా అత్తగారు రాత్రంతా చిన్న కొడుకు పేరే పిలిచింది.

ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళి తిరిగి రానివాళ్ళు వందల మంది. మా బోటు కూడా రాలేదు. మనిషీ దొరకలేదు. చెక్క ముక్కా దొరకలేదు.

ఐదో మనిషి

నాలుగు రోజుల తరువాత అధికారులు వచ్చారు. ఏ బోటులో ఎవరెవరు వెళ్ళారో రాసుకుంటున్నారు. మా ఇంటికి వచ్చారు. "మీ బోటులో ఎంతమంది?" అని అడిగారు.

మా ఆయన నాలుగు పేర్లు చెప్పాడు. మా మరిది, ముగ్గురు కళాసీలు. ఆ నాలుగు పేర్లూ రాసుకుని వెళ్ళారు.

మరునాడు పొరుగూరి నుంచి ఒక ఆవిడ వచ్చింది. నడుచుకుంటూ వచ్చింది. రోడ్డు మీద చెట్లు పడి ఉన్నాయి. కాళ్ళ నిండా బురద. "వదినా, మా వాడు మీ బోటే ఎక్కాడు. వాడి పేరు రాయించారా?" అని అడిగింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మా పాత కళాసీ ఒకడు ఆ రోజు రాలేదు. అతని బదులు ఒక కుర్రాడు వచ్చాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళు ఉంటాయి. చీకట్లో మెట్ట మీద నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు. అందరూ "బుడ్డోడా" అని పిలిచారు. వాడి అసలు పేరేంటో నాకు తెలీదు. మా ఆయన జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాడు. ఆయనకు వాడు ఎక్కిన సంగతే తెలీదు.

నేను మా ఆయనకు చెప్పాను. ఇక్కడ నిజం చెప్తాను, వినండి. ఇంట్లో అందరూ భయపడ్డారు. బోటు పోయింది. అప్పు అలాగే ఉంది. పోయినవాళ్ళ ఇళ్ళకి ఏదో ఒకటి ఇవ్వాలి. ఇంకొక పేరు చెప్తే ఇంకొక ఇంటికి కూడా మనమే ఇవ్వాలంటారేమో! "నువ్వు సరిగా చూశావా? చీకట్లో ఏం కనపడింది?" అన్నారు నన్ను.

నేను నోరు మూసుకున్నాను. మూడు నెలలు మూసుకున్నాను.

ఆ తల్లి ఆఫీసుల చుట్టూ తిరిగింది. "మీ కొడుకు బోటు ఎక్కాడని రుజువు ఏంటి?" అని అడిగారు. ఆమె దగ్గర ఏముంది? ఒక ఫొటో కూడా లేదు. "బోటు వాళ్ళు నాలుగే పేర్లు చెప్పారు" అన్నారు. ఆమె మళ్ళీ మా ఇంటికి వచ్చింది. తిట్టలేదు. అరవలేదు. గుమ్మం దగ్గర కూర్చుని "నువ్వు చూశావు కదా వదినా" అంది. అంతే.

మా అత్తగారు లోపల నుంచి విన్నది. ఆమె కూడా కొడుకును పోగొట్టుకున్న తల్లే. బయటికి వచ్చి, "వెళ్ళు, చూసింది చెప్పు. గంగమ్మ తల్లి చూస్తుంది" అంది నాతో.

నేను వెళ్ళాను. సర్పంచి దగ్గర, అధికారి దగ్గర చెప్పాను. కాగితం రాశారు. నన్ను సంతకం పెట్టమన్నారు. నాకు సంతకం రాదు. వేలిముద్ర వేశాను. రేవులో ఉన్న మరో ఇద్దరు సాక్ష్యం చెప్పారు. అయినా ఏడాది దాటాక గాని ఆమెకు సాయం అందలేదు. నేను మొదటి రోజే చెప్పి ఉంటే? ఒక కాగితం మీద ఐదు పేర్లు రాసి ఉంటే? ఆమెకు అంత తిరుగుడు ఉండేది కాదు.

ఆ మరుసటి ఏడాది మా పల్లెలో రాత్రి బడి పెట్టారు. నేను చేరాను. "ఎందుకు చదువు?" అని టీచరమ్మ అడిగింది. "పేర్లు రాయడానికి" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. మీకు అర్థమైంది కదా!

తుఫాను పేర్లు, గాలి లెక్కలు

మన తీరానికి తుఫానులు ఏడాదిలో రెండు కాలాల్లో ఎక్కువగా వస్తాయి. ఒకటి వేసవిలో, వానాకాలానికి ముందు. రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. రెండో కాలం మనకు ఎక్కువ ప్రమాదం.

సముద్రం వేడెక్కుతుంది. గాలి తేమతో పైకి లేస్తుంది. చుట్టూ ఉన్న గాలి అక్కడికి పరుగెత్తుతుంది. అది సుడి తిరుగుతుంది. మొదట దాన్ని అల్పపీడనం అంటారు. బలం పెరిగితే వాయుగుండం. ఇంకా పెరిగితే తుఫాను.

బలాన్ని గాలి వేగంతో కొలుస్తారు. ఈ అంకెలు చదవండి.

గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం.
50 నుంచి 61 ఉంటే తీవ్ర వాయుగుండం.
62 నుంచి 88 ఉంటే తుఫాను.
89 నుంచి 117 ఉంటే తీవ్ర తుఫాను.
118 దాటితే అతి తీవ్ర తుఫాను.

"వాయుగుండమే కదా, ఒక్క వేట వేసి వద్దాం" అంటారు మన మగవాళ్ళు. మీరు ఒప్పుకోకండి. వాయుగుండం ఒక్క రోజులో తుఫానుగా మారగలదు. రెండు రోజుల దూరం వెళ్ళిన బోటు ఒక్క రోజులో వెనక్కి రాలేదు. ఈ లెక్క మనకు తెలిసిన లెక్కే.

రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేస్తారు. 1 నుంచి 11 వరకు ఉంటాయి. 1, 2 అంటే దూరాన సముద్రంలో గాలి పుట్టింది. 3, 4 అంటే మన రేవుకూ గాలి తగలవచ్చు. 5, 6, 7 అంటే ప్రమాదం. 8, 9, 10 అంటే పెద్ద ప్రమాదం. 11 అంటే సమాచారం అందే దారి తెగిపోయింది. టీవీలో "మూడో నంబరు ప్రమాద సూచిక" అంటే ఏంటో ఇక మీరే మీ పిల్లలకు చెప్పగలరు.

గాలి ఒక్కటే కాదు, నీళ్ళు కూడా చంపుతాయి. తుఫాను సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. దాన్నే ఉప్పెన అంటాం. మన కృష్ణా, గోదావరి తీరం పల్లపు నేల. నీళ్ళు చాలా దూరం లోపలికి వస్తాయి. 1839లో కోరింగ రేవును ఉప్పెన ముంచేసింది. ఒకప్పుడు అక్కడికి పెద్ద పెద్ద ఓడలు వచ్చేవి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది చనిపోయారు. పది వేలకు తక్కువ కాదని చెప్తారు.

అయితే ఇంకో మాట వినండి. 1990 మే 9న మళ్ళీ కృష్ణా తీరానికే పెద్ద తుఫాను వచ్చింది. అదీ చిన్న గాలి కాదు. కాని ఆ సారి ముందే లక్షల మందిని గట్టు ప్రాంతాలకు పంపారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపే. అదీ బాధే. కాని 1977తో పోల్చి చూడండి. గాలి మారలేదు. మనిషి జాగ్రత్త మారింది.

2014 అక్టోబరు 12న విశాఖపట్నానికి హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ముందే చెప్పడం వల్ల చాలా ప్రాణాలు నిలబడ్డాయి. కాని రేవులో కట్టిన బోట్లు ఎన్నో ఒకదానికొకటి కొట్టుకుని పగిలాయి. అంటే ప్రాణం కాపాడుకోవడం నేర్చుకున్నాం. బోటు కాపాడుకోవడం ఇంకా నేర్చుకోవాలి.

గాలి రాకముందు ఏం చెయ్యాలి?

ఒకటి. కబురు వినాలి. ఇప్పుడు ఫోనులో, టీవీలో కబురు వస్తుంది. కాని సముద్రంలో కొంత దూరం పోయాక ఫోను పలకదు. అందుకని బోటులో రేడియో ఉండాలి. కొన్ని బోట్లకు ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె బిగిస్తున్నారు. దానికి ఉపగ్రహం ద్వారా కబురు అందుతుంది. ప్రమాదంలో ఉంటే బోటు వాళ్ళు కూడా కబురు పంపవచ్చు. ఏది ఉన్నా, బయలుదేరేముందు పనిచేస్తుందో లేదో చూడాలి. సెల్స్ ఉన్నాయో లేదో చూడాలి. నా మాట గుర్తుంది కదా!

రెండు. వేట వద్దు అన్నప్పుడు వెళ్ళకూడదు. ఒక రోజు వేట పోతే గంజి తాగి బతుకుతాం. మనిషి పోతే ఏం తాగుతాం?

మూడు. బోటును లోపలికి తేవాలి. మన పెద్దలు ఉప్పుటేరుల్లోకి, మడ చెట్ల మధ్యకి నావలు తెచ్చి కట్టేవాళ్ళు. మడ చెట్టు వేళ్ళు అల బలాన్ని విరుస్తాయి. కోరింగ మడ అడవి మనకు గోడ లాంటిది. పొయ్యిలోకి దాన్ని నరికితే మన గోడ మనమే పడగొట్టుకున్నట్టు. చిన్న ఫైబర్ బోటు అయితే పదిమంది కలిసి గట్టు మీదికి లాగాలి.

నాలుగు. బోటును సరిగా కట్టాలి. ముందు ఒక లంగరు, వెనక ఒక లంగరు. తాడు మరీ బిగించకూడదు. కొంచెం వదులు ఉండాలి. నీళ్ళు పెరిగినప్పుడు బోటు పైకి లేవాలి కదా! బిగించి కడితే తాడు తెగుతుంది, లేకపోతే బోటు మునుగుతుంది. రెండు బోట్ల మధ్య పాత టైర్లు వేలాడదీయాలి. తాడు చెక్కకు రాసుకునే చోట గోనె సంచి చుట్టాలి.

ఐదు. విప్పగలిగిన ఇంజను విప్పి ఇంటికి తేవాలి. వలలు, బ్యాటరీ, డీజిలు డబ్బాలు గట్టు మీదికి చేర్చాలి. బోటు పోయినా ఇంజనూ, వలా మిగిలితే సగం బతుకు మిగిలినట్టే.

ఆరు. బోటుకు కాపలాగా ఎవరినీ ఉంచకూడదు. చాలామంది యజమానులు ఒక కళాసీని బోటులో పడుకోమంటారు. అది పెద్ద తప్పు. బోటు చెక్కది. మనిషి చెక్క కాదు.

ఏడు. కాగితాలు. బోటు రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా కాగితం, ఇంజను కొన్న బిల్లు, బ్యాంకు పుస్తకం, ఆధార్ కార్డులు, రేషను కార్డు. అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి కట్టి, నడుముకు కట్టుకోవాలి. తుఫాను షెల్టరుకు వెళ్ళేటప్పుడు ఆ సంచి ఆడవాళ్ళ దగ్గరే ఉండాలి. ఎందుకంటే మగవాళ్ళు చివరి నిమిషం దాకా బోటు దగ్గరే ఉంటారు.

ఇంకొక సంగతి. తుఫాను మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. ఆకాశం తేటగా కనపడవచ్చు. దాన్ని తుఫాను కన్ను అంటారు. అప్పుడు "అమ్మయ్య, పోయింది" అని బోటు చూడటానికి పరుగెత్తుతారు. వెళ్ళనివ్వకండి. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి కొడుతుంది. అధికారులు చెప్పేదాకా షెల్టరు దాటకూడదు.

గాలి పోయాక ఏం చెయ్యాలి?

ముందు మనుషులను లెక్కపెట్టుకోవాలి. ఎవరు రాలేదో చూడాలి. సముద్రంలో చిక్కుకున్న వాళ్ళ కోసం కోస్ట్ గార్డుకు 1554 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. జిల్లా కంట్రోలు రూముకు 1077. ఈ రెండు నంబర్లూ ఇంటి గోడ మీద పెద్ద అంకెలతో రాసి పెట్టుకోండి.

తరువాత నీళ్ళు. ఉప్పెన నీళ్ళు కలిసిన బావి నీళ్ళు తాగకూడదు. ఏ నీళ్ళైనా మరగబెట్టి తాగాలి. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఒక లీటరు మరగబెట్టి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. ఇవి టీ చెంచా కొలతలు. వెంటనే ఆసుపత్రికి కబురు పెట్టాలి.

ఆ తరువాతే బోటు. ఉప్పునీళ్ళలో మునిగిన ఇంజనును వెంటనే స్టార్టు చెయ్యకూడదు. చేస్తే పూర్తిగా పాడవుతుంది. మంచినీళ్ళతో కడగాలి. పాత ఆయిలు తీసెయ్యాలి. మెకానిక్కుకు చూపించాలి. వలలు మంచినీళ్ళలో ముంచి, ఆరేసి, చిరుగులు కుట్టుకోవాలి.

విరిగిన బోటును చూసి ఏడుపు వస్తుంది. కాని దాన్ని కదిపేముందు ఫొటోలు తియ్యాలి. నాలుగు వైపులా తియ్యాలి. రిజిస్ట్రేషను నంబరు కనపడేలా ఒకటి తియ్యాలి. బీమా ఉంటే కంపెనీకి వెంటనే చెప్పాలి. మత్స్యశాఖ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి. అర్జీకి నకలు ఉంచుకోవాలి. నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని నకలుకు విలువ ఉండదు. నష్టం రాయడానికి వచ్చినవాళ్ళు ఏం రాశారో చదివి సంతకం పెట్టాలి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. సిగ్గుపడకండి. కూడబలుక్కుని అయినా చదవండి. అయ్యగారు కాసేపు ఆగుతారు.

మన రాష్ట్రంలో సముద్రపు వేటకు 1994లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం బోటుకు రిజిస్ట్రేషను, లైసెన్సు ఉండాలి. కాగితం లేని బోటు పోతే, అది ఉండేదని రుజువు చెయ్యడమే కష్టం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం కదా! ఆ రోజుల్లోనే బోటు బాగు చేయించుకోవాలి. ఆ రోజుల్లోనే కాగితాలూ సరిచూసుకోవాలి.

మనిషి తిరిగి రాకపోతే?

ఇది చెప్పడానికి నోరు రాదు. అయినా చెప్పాలి.

వేటకు వెళ్ళిన మనిషి రాకపోతే వెంటనే పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం నకలు తీసుకోవాలి. శవం దొరకకపోతే చాలా చిక్కులు వస్తాయి. ఏడేళ్ళు ఏ కబురూ తెలియకపోతే మనిషి చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్యాల చట్టం చెప్తుంది. ఏడేళ్ళు! అన్నాళ్ళు ఆ ఇల్లాలు ఏం తిని బతకాలి? పెద్ద ప్రమాదాలు జరిగినప్పుడు ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వులు ఇచ్చి ముందే పత్రాలు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2004 సునామీ తరువాత అలా చేశారు. కాని అప్పుడు కూడా ఒకటే ప్రశ్న అడుగుతారు. "ఆ మనిషి ఆ బోటులో ఉన్నాడని రుజువు ఏంటి?"

ప్రమాద బీమా కూడా అంతే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో, ప్రమాదంలో చనిపోయిన మత్స్యకారుడి కుటుంబానికి 5 లక్షల రూపాయల బీమా పెట్టారు. బీమా డబ్బు రావాలంటే జాబితాలో పేరు ఉండాలి. మీ ఇంట్లో వేటకు వెళ్ళే ప్రతి మనిషి పేరూ జాబితాలో ఉందో లేదో, వేట మొదలవక ముందే ఆఫీసుకు వెళ్ళి అడగండి.

కళాసీ ఇల్లు కూడా ఇల్లే

యజమానులు ఉన్న సభ కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

బోటు పోతే యజమానికి నష్టం రాస్తారు. మరి కళాసీకి? అతనికి బోటు లేదు, వల లేదు. కాని అతని పని పోయింది. వచ్చిన చేపల్లో అతనికి వాటా ఉంటుంది. చేపలు లేకపోతే వాటా ఎక్కడిది? రేవులో చేపలు కొని ఊళ్ళో అమ్ముకునే ఆడవాళ్ళ సంగతీ అంతే. వాళ్ళ గంప ఖాళీ. వాళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ తేలిగ్గా ఎక్కవు.

అందుకని మేము ఒక పని చేశాం. నష్టం రాయడానికి వచ్చినప్పుడు బోటు పేరు కింద కళాసీల పేర్లు కూడా రాయించాం. చేపలమ్మే ఆడవాళ్ళ పేర్లతో వేరే అర్జీ ఇచ్చాం. అందరికీ అన్నీ రాలేదు. కాని అడగనివాళ్ళకంటే ఎక్కువే వచ్చింది.

అప్పు సంగతి కూడా చెప్పాలి. తుఫాను పోయిన మరునాడే షావుకారు వస్తాడు. చేతిలో డబ్బు పెడతాడు. "ఇక చేపలన్నీ నాకే వెయ్యాలి, నేను చెప్పిన ధరకే వెయ్యాలి" అంటాడు. ఆకలిలో తల ఊపుతాం. తరువాత ఏళ్ళ తరబడి ఆ తాడు తెగదు. మా పొదుపు సంఘంలో మేము తుఫాను కోసమని నెలకు కొంత వేరుగా దాస్తాం. పెద్ద మొత్తం కాదు. కాని ఆ మొదటి పదిహేను రోజులు బియ్యానికి సరిపోతుంది. ఆ పదిహేను రోజులు నిలబడితే షావుకారుతో బేరం ఆడగలం.

నా నోటు పుస్తకం

ఇదిగో, ఈ పుస్తకం చూడండి. అట్ట చిరిగింది. ఇది ఎన్నో పుస్తకమో నాకే లెక్క లేదు. 1996 తరువాత మేము మళ్ళీ బోటు కొనడానికి ఆరేళ్ళు పట్టింది. కొత్త బోటు నీళ్ళలోకి దిగిన రోజు నుంచి రాస్తున్నాను.

బోటు కదిలే ముందు నేను రేవుకు వెళ్తాను. తారీఖు రాస్తాను. ఎన్ని గంటలకు బయలుదేరిందో రాస్తాను. ఏ వైపు వెళ్తున్నారో, ఎన్ని రోజుల వేటో రాస్తాను. తరువాత పేర్లు. ముద్దు పేర్లు కాదు. ఇంటి పేరు, అసలు పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటి వాళ్ళ ఫోను నంబరు. ఒకరి బదులు ఒకరు వస్తే పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తాను. లైఫ్ జాకెట్లు మనిషికి ఒకటి ఉన్నాయో లేవో లెక్కపెడతాను. రేడియో పలుకుతుందో లేదో వింటాను. అప్పుడు గాని తాడు విప్పరు.

మొదట్లో నవ్వారు. "పెళ్ళికి చదివింపులు రాసినట్టు రాస్తోంది" అన్నారు. "పేర్లు రాస్తే అపశకునం" అని ఒకాయన కోప్పడ్డాడు. నేను పట్టించుకోలేదు. ఇప్పుడు మా రేవులో చాలా బోట్లకు ఇలాంటి పుస్తకం ఉంది. చాలా వాటిలో రాసేది ఆడవాళ్ళే. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి ఒడ్డున ఇంకొకరికి పంపుతున్నారు. పుస్తకం తడిసినా పేర్లు ఉంటాయి.

ఆ కుర్రాడి తల్లి ముసలిదైపోయింది. ఇంకా ఉంది. ఒకసారి మా రేవుకు వచ్చింది. నేను పేర్లు రాస్తుంటే చూసింది. "ఏం రాస్తున్నావు వదినా?" అంది. చదివి వినిపించాను. ఐదు పేర్లు. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఐదుగురూ ఉన్నారు" అంది. ఇంకేం అనలేదు.

పుస్తకం మొదటి పేజీలో నేను ఐదు పేర్లు రాసి ఉంచుకున్నాను. మా మరిది పేరు, ముగ్గురు కళాసీల పేర్లు, ఆ కుర్రాడి పేరు. బుడ్డోడు అని కాదు. వాళ్ళమ్మను అడిగి అసలు పేరు రాశాను. పుస్తకం మారినప్పుడల్లా ఆ పేజీని మళ్ళీ రాస్తాను.

అక్కలారా, చెల్లెళ్ళారా! సముద్రాన్ని మనం ఆపలేం. గాలిని ఆపలేం. కాని ఒక పేరు రాయగలం. మీరు నేర్చుకున్న అక్షరాలు దానికి చాలు. రేపు తెల్లవారుజామున మీ బోటు బయలుదేరుతుంది. పుస్తకం తీసుకుని రేవుకు వెళ్ళండి.



మనం మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో వేటకు వెళ్ళేవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు, తండ్రి పేర్లు రాయండి.
2. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే దాన్ని ఏమంటారు?
3. బోటును తాడుతో బిగించి ఎందుకు కట్టకూడదు?
4. తుఫాను సంచిలో ఏ ఏ కాగితాలు ఉండాలి? మీ దగ్గర ఏవి లేవు?
5. ఆమె మూడు నెలలు ఎందుకు నోరు మూసుకుంది? మీరైతే ఏం చేసేవారు?